శేషారత్నం చివరి పన్ను

తన్నీరు పున్నయ్య భార్య శేషారత్నం పోయాక, ఆమె జ్ఞానదంతం పున్నయ్య నోట్లో మొలవకుండా పొగాకు కంపెనీలో కాటా వేసే మస్తాన్రావు నోట్లో మొలిచింది. ఇది అన్యాయం. ఇందులో వాదించడానికేమీ లేదు.

మొలవడంలో వింత లేదు. వెలగలూరులో అది అందరికీ తెలిసిన సంగతే. చివరి పన్ను కొందరికి ఇరవై ఏళ్లకే వచ్చేస్తుంది. కొందరికి నలభై దాటినా రాదు. చిగురు కింద అడ్డంగా పడుకుని, ఏడాదికి నువ్వుగింజంత పైకి వచ్చి, మళ్లీ ఆగిపోతుంది. అది పూర్తిగా రాకముందే మనిషి పోతే, రావలసిన మిగతా భాగం ఇంకొకరి నోట్లో వస్తుంది. సగం తడిపిన పొలానికి మిగతా నీళ్లు ఇంకొకరు కట్టినట్టే ఇదీ. మునిసిపాలిటీ వాళ్లు జనన మరణాల గది పక్కనే దీనికొక గది ఇచ్చారు. తలుపు మీద 'మిగులు దంతముల విభాగము' అని రాసి ఉంటుంది. లోపల ఒక ఫ్యాను, ఒక బెంచీ, గోడకు దవడ బొమ్మ, దాని కింద నిబంధనలు.

పన్ను ఎవరి నోట్లో మొలవాలో ఆ విభాగం నిర్ణయించదు. పన్నే నిర్ణయించుకుంటుంది. పోయిన మనిషి బతికుండగా ఎవరికి ఎదురుగా కూర్చుని ఎక్కువ ముద్దలు తిన్నదో, వారి నోటికి పోతుంది. వండిపెట్టడం లెక్కలోకి రాదు. వడ్డించడం లెక్కలోకి రాదు. ఒకే కుండలోది తిన్నా, ఒకరు లేచాక ఒకరు తింటే రాదు. ఇదంతా గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది. పని ఉన్నవాళ్లు బెంచీ మీద కూర్చుని ఫ్యాను వంక చూస్తారు తప్ప గోడ వంక చూడరు.

పున్నయ్య కూడా చూడలేదు. అతనికి అనుమానం లేదు గనక చూడలేదు. భార్య పన్ను భర్తకు కాక ఇంకెవరికి వస్తుంది? రైసు మిల్లులో గుమాస్తాగా చేసి మానేసిన మనిషి. పిల్లలు లేరు. దినకర్మలు అయిన మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే అద్దం ముందు నోరు తెరిచి, దవడ చివర వేలితో తడుముకునేవాడు. ఎడమ దవడ లాగుతున్నట్టు ఉండేది. లవంగ నూనె కొన్నాడు. వచ్చే పన్నుకు చోటు ఉండాలని ఆ పక్క నమలడం మానేశాడు.

టీ కొట్టు దగ్గర దవడ మీద చెయ్యి వేసుకుని కూర్చునేవాడు.

"ఏం బాబాయ్, పిన్ని వస్తన్నట్టుందే?" అని టీ కొట్టు యానాది అడిగేవాడు.

"వస్తంది," అనేవాడు పున్నయ్య. "ఆమెకి మొదట్నుంచీ నిదానమే."

బల్ల మీదివాళ్లు జరిగి చోటిచ్చేవాళ్లు. అతనికి టీలో చక్కెర తగ్గించి పోసేవాళ్లు. భార్య పోయిన మగవాడికి ఊళ్లో దొరికే మర్యాద అంతకంటే ఎక్కువ ఉండదు.

అప్పుడు ఒక ఆదివారం పొద్దున మస్తాన్రావు పెళ్లాం కోటమ్మ వచ్చి పున్నయ్య వాకిట్లో నిలబడింది.

"ఏం అన్నా, నీ పెళ్లాం పన్ను నా మొగుడి నోట్లో ఏం చేస్తంది?"

పున్నయ్య తుండుగుడ్డ భుజాన వేసుకుని ఆమెతో పాటు వెళ్లాడు. మస్తాన్రావు మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి బుగ్గ బన్ను రొట్టెలా ఉబ్బింది. గడ్డం కింద నుంచి నెత్తి మీదకి తువ్వాలు కట్టుకున్నాడు. నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. చిగురు తోలు పన్ను మీద కప్పుకుని, దాని కింద మెతుకు ఇరుక్కుని వాచిందని విభాగం డాక్టరు చెప్పాడట. ఫిలిం తీశాడు. ఆ ఎక్స్‌రేలో పన్ను వాలు, వేరు వంపు చూశాడు. పేరు రాసిచ్చాడు. శేషారత్నం, భర్త పున్నయ్య, పొగాకు కంపెనీలో గ్రేడింగు కూలీ.

"నేనేం చెయ్యలేదన్నా," అన్నాడు మస్తాన్రావు పళ్ల సందుల్లోంచి. "దానంతట అదే వచ్చింది. ప్రాణం తీస్తంది. కావాలంటే నువ్వే తీసుకుపో."

పున్నయ్య ఆ తువ్వాలు వంక చూశాడు. ఆ వాపు వంక చూశాడు. మంచం పక్కన ఉప్పునీళ్ల చెంబు ఉంది. కంపెనీ వాళ్లు అతనికి వాపు సెలవు కూడా ఇచ్చారు. అవన్నీ తనవి. ఆ నొప్పి తనది. ఇంకొకడు మంచం మీద కూర్చుని దాన్ని అనుభవిస్తున్నాడు. అనుభవిస్తూ పైగా ఫిర్యాదు చేస్తున్నాడు.

మర్నాడు విభాగంలో ఆక్షేపణ దాఖలు చేశాడు. డాక్టరు అతని దవడకు కూడా ఫిలిం తీశాడు.

"ఒకటుంది," అన్నాడు డాక్టరు వెలుతురులో పట్టుకుని చూస్తూ. "ఎడమపక్క, అడుగున పడుకుని ఉంది. కానీ ఆవిడది కాదు. మీదే. మీ నాలుగో జ్ఞానదంతం ఇంకా రాలేదు. ఇన్నాళ్లూ లాగింది అదే."

పున్నయ్య ఆ మాట టీ కొట్టులో చెప్పలేదు.

విచారణ రోజున బెంచీ నిండా మగవాళ్లే ఉన్నారు. అందరూ భార్యలు పోయినవాళ్లే. ఒకతని భార్య పన్ను పక్కింటి ఆవిడ నోట్లో మొలిచింది. ఒకతనిది పాలమనిషి నోట్లో. బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ముసలాయన ఒక్కడే ఆక్షేపణ లేకుండా వచ్చాడు. అతని భార్య పన్ను అతనికే వచ్చింది, ధ్రువపత్రం కోసం కూర్చున్నాడు. మిగతావాళ్లు అతని పక్కన కూర్చోవడానికి ఇష్టపడలేదు. ఏదో మందు పెట్టి ఉంటాడన్నారు.

విచారణాధికారి నెమ్మదైన మనిషి. కళ్లద్దాలు తుడుచుకుని పున్నయ్యను అడిగాడు.

"మీ ఆవిడకి తినేవాటిల్లో ఏమిష్టం?"

"ఇంట్లో ఏదుంటే అది తినేది."

"ఇష్టం అడుగుతున్నాను."

"నాకేదిష్టమో అది చేసేది. చేసింది తినేది."

"తినడం మీరు చూశారా?"

"చూసేదేముంది సార్? నేను తిని లేచాక తినేది. మా అమ్మ అంతే, మా నాయనమ్మ అంతే. మర్యాద గల ఇల్లు మాది."

అధికారి 'చూడలేదు' అని రాసుకున్నాడు. మస్తాన్రావు వైపు తిరిగాడు. మస్తాన్రావు తువ్వాలు కొంచెం వదులు చేసుకున్నాడు.

"చింతకాయ పచ్చడి సార్, పెరుగన్నంలోకి. చల్ల మిరపకాయ అయితే ముందు తొడిమ తుంచి పక్కన పెట్టుకునేది. ఆఖర్న బెల్లం ముక్క. అది లేకపోతే అన్నం తిన్నట్టే కాదనేది. మధ్యాన్నం కంపెనీలో గంట కొట్టాక కాటా ఆపేస్తాం గదా, షెడ్డు నీడన అందరం క్యారేజీలు ఇప్పుకునేవాళ్లం. ఆమె నాకు ఎదురుగా కూర్చునేది. కుడిపక్క నమిలేది కాదు. ఆ పక్క పన్ను వస్తా ఉండేది, పాపం, ఏళ్ల తరబడి. వాచినప్పుడల్లా అన్నం మజ్జిగలో పిసుక్కుని మింగేది. నేనే ఓసారి లవంగం ఇచ్చా."

"ఏ పన్ను?" అన్నాడు పున్నయ్య.

"ఈ పన్నే అన్నా," అన్నాడు మస్తాన్రావు బుగ్గ చూపించి.

ఆ బుగ్గ పున్నయ్యకు తెలుసు. ఏడాదికి కొన్నిసార్లు శేషారత్నం బుగ్గ ఉబ్బి ఉండేది. మాట్లాడేది కాదు. చెయ్యి దవడకు ఆనించుకుని పొయ్యి ముందు కూర్చునేది. అలిగిందనుకునేవాడు. అలిగిన ఆడదాన్ని పలకరిస్తే నెత్తికెక్కుతుందని అతను కూడా మాట్లాడడం మానేసేవాడు. కొన్నాళ్లకు బుగ్గ తగ్గేది, ఆమె తనంతట తానే మాట్లాడేది. తన మౌనం పనిచేసిందనుకునేవాడు. ఆ వైద్యం మిల్లులో పదిమందికి చెప్పాడు కూడా.

వెనక నుంచి కోటమ్మ అందుకుంది. "లవంగం ఇచ్చావా? నాకు తలనొప్పొస్తే బిళ్ల యాడుందో కూడా తెలవదే నీకు! పరాయిదానికి లవంగం యాణ్నుంచి వచ్చింది?"

"అమ్మా, మీ ఆక్షేపణ వేరే కాగితం మీద పెట్టుకోవాలి," అన్నాడు అధికారి.

ఇంతలో భోజనాల వేళయింది. అధికారి ఇల్లు ఎదురు వీధే. ఆయన భార్య క్యారేజీ తెచ్చి, బల్ల మీద కాగితాలు పక్కకు జరిపి, అరిటాకు ముక్క పరిచి వడ్డించింది. ఆయన తింటున్నంతసేపూ గరిటె పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె తల సరిగ్గా నిబంధనల కిందకు వచ్చింది.

"తమరు తిన్నారామ్మా?" అని మస్తాన్రావు మర్యాదకు అడిగాడు.

"వారు తినాలి గదండీ," అందామె.

"కొంచెం చారు," అన్నాడు అధికారి.

ఆమె పోసింది. గదిలో ఎవరికీ ఏమీ అనిపించలేదు. అధికారి చెయ్యి కడుక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని విచారణ కొనసాగించాడు.

"పున్నయ్య గారూ, నిబంధనల్లో మీకొక వీలుంది. భార్యతో కలిసి కూర్చుని, ఆమె ఒక ముద్ద మీరొక ముద్ద తిన్నట్టు సాక్ష్యం ఉంటే చాలు. ఎక్కువ అక్కర్లేదు, ఒక్కటే. భర్త గనక ఆ సడలింపు. రుజువైతే పన్నుకు నోటీసు ఇస్తాం. నోటీసు అందిన చోట ఆగి, మీ నోట్లో మొదలవుతుంది."

పున్నయ్య లేచి నిలబడ్డాడు.

"బువ్వం బంతి సార్!"

బెంచీ మీది మగవాళ్లందరూ ఒక్కసారి కదిలారు. పెళ్లినాడు వధూవరులిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకే ఆకులో తినిపించే బంతి అందరికీ జరిగింది. తమకు ఆ మాట ఎందుకు తట్టలేదా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సాక్షి?"

"ఉంది. ఆ బంతిలో నెయ్యి వడ్డించింది మా ఆవిడ పిన్ని సామ్రాజ్యం. బతికే ఉంది."

వాయిదా వేశారు. ఆ మధ్య రోజుల్లో పున్నయ్య బాగానే ఉన్నాడు. మస్తాన్రావు వీధిలో ఎదురైతే ఆగి, బుగ్గ వంక చూసి, "జాగ్రత్తగా ఉంచు. తొందర్లో నాకు అప్పజెప్పాలి," అనేవాడు. మస్తాన్రావు తల ఊపేవాడు. అతనికి వాపు తగ్గింది గాని కొత్త బాధ మొదలైంది. పుట్టాక చింతకాయ పచ్చడి ముట్టనివాడు, ఇప్పుడది లేకపోతే ముద్ద దిగడం లేదు. భోజనం చివర బెల్లం అడుగుతున్నాడు. అది విని పున్నయ్య ఇంటికి పోయి అలమర అంతా వెతికాడు. వెనక వరసలో చిన్న జాడీ ఉంది. అడుగున చింతకాయ పచ్చడి ఎండిపోయి ఉంది. ఆ జాడీ తన ఇంట్లో ఉన్నట్టు అతనికి తెలియదు.

వాయిదా నాడు సామ్రాజ్యం ఆటోలో వచ్చింది. నడుము వంగింది గాని నోరు వంగలేదు. కుర్చీలో కూర్చుని చీర కొంగు సర్దుకుని, "ఏం అల్లుడూ, ఇప్పుడు గుర్తొచ్చానా?" అంది.

"బువ్వం బంతి జరిగిందా లేదా, అది చెప్పు అత్తా," అన్నాడు పున్నయ్య.

"జరక్కేం. నెయ్యి గిన్నె నా చేతిలోనే ఉంది."

"ఇద్దరూ కలిసి తిన్నారా?" అని అధికారి అడిగాడు.

"ఆకులో పప్పన్నం పెట్టారు. అల్లుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు లేదన్నాడు. అని లేచిపోలా? పిల్ల తండ్రి, మా బావ, వెనకాల పడి బతిమాలాడు, వింటేనా. పిల్ల కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. మొగుడు లేచాక ఆడపిల్ల ఎట్టా తినుద్ది? ముద్ద ఆకులోనే పెట్టి చెయ్యి కడుక్కుంది."

"అంటే ఈయన తిన్నారు. ఆమె తినలేదు."

"అదేగా చెప్తన్నా."

అధికారి పున్నయ్య వైపు చూశాడు.

"ఉప్పు లేదు," అన్నాడు పున్నయ్య. "అప్పుడూ లేదు. ఇప్పుడడిగినా అదే చెబుతా."

"ఉంది," అంది సామ్రాజ్యం. "తరవాత బంతిలో మేమందరం తిన్నాం. సమంగా ఉంది."

ఆక్షేపణ తోసిపుచ్చారు. పన్ను మస్తాన్రావుకు ఖాయమైంది. ఆక్షేపణ ఓడిన భర్తకు నిబంధనల ప్రకారం ఒక సౌకర్యం ఉంది. దాన్ని దర్శన భోజనం అంటారు. పన్ను ఉన్న మనిషికి ఎదురుగా కూర్చుని ఒక పూట అన్నం తినవచ్చు. ఆ పూట పన్ను ఉన్నవారు ఆ పన్నుతోనే నమలాలి. పున్నయ్య మొదట అక్కర్లేదన్నాడు. తరువాత వెళ్లాడు.

మధ్యాహ్నం మస్తాన్రావు ఇంట్లో రెండు పీటలు వేశారు. పన్ను అప్పటికి సగం పైకి వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కోటమ్మ పప్పు, చింతకాయ పచ్చడి, చల్ల మిరపకాయలు వడ్డించి, గరిటెతో నిలబడింది.

మస్తాన్రావు మిరపకాయ తీసుకుని తొడిమ తుంచి పక్కన పెట్టాడు. పచ్చడి కలుపుకున్నాడు. కుడిపక్క నమిలాడు. పున్నయ్య ముద్ద కలిపి పట్టుకుని, తినడం మర్చిపోయి చూస్తున్నాడు. దవడ నిదానంగా కదులుతోంది. ఒక్కోసారి ఆగి, నొప్పి ఎక్కడుందో చూసుకుని, మళ్లీ కదులుతోంది. శేషారత్నం తింటుంటే చూడడం అతనికి అదే మొదలు.

ఇన్నేళ్లూ ఈ మనిషి దీన్ని రోజూ చూశాడు. జీతం తీసుకుంటూ చూశాడు.

పున్నయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పప్పులో ఉప్పు లేదు. నిజంగానే లేదు. లేవబోయాడు. మోకాలు పైకి లేచింది. ఎదురుగా ఆ దవడ నములుతూనే ఉంది. మోకాలు కింద పెట్టి, ముద్ద మింగి, ఇంకొకటి కలుపుకున్నాడు.

"ఉప్పేదే?" అన్నాడు మస్తాన్రావు పళ్లెం నెట్టి. "మనిషొస్తే ఇదేనా వంట?"

కోటమ్మ ఉప్పు డబ్బా తెచ్చింది. ఆమె వంగి ఉప్పు వేస్తుంటే పున్నయ్య అడిగాడు. ఆలోచించి అడగలేదు. కడుపులో ఉన్నది నోట్లోకి వచ్చింది.

"నువ్వు ఎవరితో కూర్చుని తింటావమ్మా?"

"ఇంట్లో నాకు తోడెవరున్నారన్నా? ఆయన తిని పడుకున్నాక, పొయ్యి దగ్గర గోడకానుకుని తింటా. బడికాడ అయితే బాగుంటది. పిల్లలకి వండిపెట్టాక మేమూ అక్కడే తింటాం గదా. డ్రిల్లు మాస్టారు కూడా మాతోనే కూర్చుంటాడు. పాపం, మంచోడు. వంకాయంటే నాకిష్టమని ఆయన పళ్లెంలో ముక్కలు కూడా నాకే వేస్తాడు." ఆమె ఉప్పు డబ్బా మూత పెట్టింది. "నా పన్నూ ఇంకా రాలేదు. ఎవరికి పోద్దో నాకు తెలుసులే."

మస్తాన్రావు దవడ ఆగింది.

"ఏ డ్రిల్లు మాస్టారు?" అన్నాడు.

భార్య పోయిన తరువాత పున్నయ్యకు అన్నం రుచిగా తోచింది ఆ పూటే. పచ్చడి ఇంకొంచెం అడిగి వడ్డించుకున్నాడు. మస్తాన్రావు మాత్రం తన పెళ్లాం వంక చూస్తున్నాడు, పళ్లెం వంక చూస్తున్నాడు. ఇంకొక పీట గోడకు చేరేసి ఉంది. కూర్చోమని ఆమెతో మస్తాన్రావు అనలేదు. పున్నయ్య అనలేదు. ఇద్దరూ భోజనం ముగించి చేతులు కడుక్కున్నారు. ఆ తరువాత ఆమె తన పళ్లెం తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

బెల్లం ముక్క చప్పరిస్తూ మస్తాన్రావు వీధి గుమ్మం దాకా వచ్చాడు.

"అన్నా, ఆ విభాగం ఎన్నింటికి తీస్తారు?" అని మెల్లగా అడిగాడు.

పున్నయ్య చెప్పాడు.

వర్షాలు మొదలయ్యాక పున్నయ్య ఎడమ దవడ నిజంగా వాచింది. అది అతని నాలుగో పన్ను. చిగురు కింద నుంచి కదిలింది. విభాగానికి వెళ్లి నమోదు చేయించుకోవాలి గనక వెళ్లాడు. బెంచీ మీద తువ్వాలు కట్టుకుని మస్తాన్రావు కూర్చుని ఉన్నాడు. చేతిలో కోటమ్మ పన్ను మీద ముందస్తు ఆక్షేపణ కాగితం ఉంది.

"ప్రస్తుతం ఎవరితో కలిసి భోంచేస్తున్నారు?" అని గుమాస్తా అడిగాడు.

"ఒక్కణ్నే."

"అయితే ఇది ఎవరికీ పోదు. పూర్తిగా రాకపోతే మీతోనే ఆగిపోద్ది."

"ఆగనివ్వండి."

గుమాస్తా ముద్ర వేశాడు. "ఆవిడ పన్ను మీద ఇంకా పైకి వెళ్లే వీలుంది. జిల్లాలో అప్పీలు చేసుకోవచ్చు."

పున్నయ్య లేచాడు. నోరు సరిగ్గా తెరుచుకోవడం లేదు. ఉన్నంతలోనే చెప్పాడు.

"ఆ సంగతి నేను ఇంక ఎత్తను. నా ముందు ఎవరూ ఎత్తొద్దు."

టీ కొట్టు దగ్గర బల్ల చివర కూర్చున్నాడు. బుగ్గ ఉబ్బి ఉంది. చెయ్యి దవడకు ఆనించుకుని ఉన్నాడు. యానాది గ్లాసు పెట్టి, ఏదో అడగబోయి, ఆ మొహం చూసి ఆగాడు. పక్కవాడికి కన్ను గీటాడు.

"అలిగాడు," అన్నాడు. "పలకరించబాకు. నెత్తికెక్కుద్ది."

ఎవరూ పలకరించలేదు. పున్నయ్య కూడా శేషారత్నం పన్ను మాట మళ్లీ ఎత్తలేదు.